యాకన్న బుర్రను టేపులో పట్టబోతే

తెలివితక్కువవాళ్లు చేసే పొరపాట్లు చిన్నవి. కాలు జారతారు, పాలు ఒలకబోస్తారు, అంతే. కొంపలు ముంచే పొరపాటు చేయాలంటే మాత్రం బాగా చదువుకుని ఉండాలి. నేను బాగానే చదువుకున్నాను. అందుకే రెండెకరాల యాసంగి వరిని, ఏ పాపం ఎరగని ఒక ఆయిల్ ఇంజన్‌ను, నా చదువును ఒక్క పూటలో గంగలో కలపబోయాను. అదీ శాస్త్రం పేరుతో. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత పుట్టి ఎన్ని వందల ఏళ్లయిందో కానీ, అది ఎదురుచూసింది నా కోసమేనని నాకు గట్టి నమ్మకం.

ఎనభయ్యో దశకం మొదట్లో మాట. హైదరాబాదులో మనస్తత్వశాస్త్రంలో ఎం.ఫిల్. చేస్తున్నాను. ఎవరికీ తెలియని సంగతిని మనిషి కనుక్కునేటప్పుడు అతని బుర్రలో ఏం జరుగుతుంది అన్నది నా విషయం. న్యాయంగా అయితే దీనికి శాస్త్రజ్ఞులను పట్టుకోవాలి. మా గైడుగారు కూడా అదే అన్నారు. ఆయనది కోస్తా, నాది మరిపెడ దగ్గర పల్లె. మా ఇద్దరి మధ్య వాదం పెట్టడానికి విషయం అక్కర్లేదు, గాలి వీస్తే చాలు.

"ప్రయోగశాలలకు వెళ్లి అడగాలమ్మా," అన్నారాయన.

"మావైపు ఒక ఇంజన్ మెకానిక్ ఉన్నాడు సార్. ముందు ఒక ఊహ చేస్తాడు, పరీక్షిస్తాడు, తప్పయితే ఇంకో ఊహ. శాస్త్రజ్ఞుడు చేసేదీ అదే కదా."

"మెకానిక్కూ శాస్త్రజ్ఞుడూ ఒకటేనా?"

"తేడా ఏముంది సార్? ఒకరి చేతికి గ్రీజు అంటుతుంది, ఇంకొకరికి అంటదు."

తోటివాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన కూడా నవ్వారు కానీ ఆ నవ్వులో ముల్లుంది. "సరే. మీ తెలంగాణవాళ్లు ఆలోచించినా పైకి వినబడేంత గట్టిగానే ఆలోచిస్తారు కనుక నీకు పని సులువే. ఆ కనుక్కునే క్షణం ఉంటుంది చూడు, అది టేపులో పట్టుకురా. నెలాఖరు లోపల తేలేకపోతే ఇక నీకు థీసిస్ లేదు."

నా పద్ధతి అలాంటిది మరి. పని చేస్తున్న మనిషిని మనసులోకి ఏది వస్తే అది పైకి చెప్పమంటాం. పక్కన టేప్‌రికార్డర్ తిరుగుతుంటుంది. తర్వాత విని, ఏ ఊహ తర్వాత ఏ ఊహ వచ్చిందో రాసుకుంటాం. కాగితం మీద ఎంతో ముచ్చటైన పద్ధతి.

గైడుగారి గడువు కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది మా బాపు, అంటే మా నాన్న, పెట్టిన గడువు. అప్పటికే నా చదువులో మూడేళ్లు వృథా అయ్యాయి. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం ఏడాది జనగామలో మా బడి మూతపడి ఒకటి. టైఫాయిడ్‌తో ఒకటి. గైడుతో వాదించి విషయం మార్చుకున్నందుకు మూడోది. బాపు వేళ్లు మడిచి చెప్పాడు: "మొదటిది సర్కారు తప్పు. రెండోది దేవుని తప్పు. మూడోది నీ నోటి తప్పు. నాలుగోది అయితే నేనూకోను బిడ్డా. పుస్తకాలు అటక మీదికి, నువ్వు ఇంట్లకు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఏనాడూ మంచిది కాదు కనుక ఊరి మంచితనం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

డిపార్ట్‌మెంటు టేప్‌రికార్డర్‌ను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సు దిగాను. ఇంజన్ చెడిపోగానే నేను యాకన్న అని పిలిచే మెకానిక్ యాకయ్యను మరిపెడ నుంచి పిలిపించి, అతని బుర్రను క్యాసెట్‌లోకి ఎక్కించి, నాలుగు రోజుల్లో తిరుగు బస్సు ఎక్కాలని నా లెక్క. కరెంటు ఇంకా మా బావి దాకా రాలేదు. బావి మీద ఉన్న డీజిల్ ఇంజన్ నెలకు మూడుసార్లు మొరాయించే రకం. దాని కోసం మా అవ్వ, అంటే మా అమ్మ, మొక్కని దేవుడు లేడు.

నేను వచ్చాక అది చెడిపోలేదు.

నాలుగు రోజులు, ఆరు, తొమ్మిది. పన్నెండో రోజుకు దాని చప్పుడు పెళ్లి బ్యాండులా ఉంది. బాపు సంతోషానికి హద్దు లేదు. "నువ్వొచ్చిన కాడికెళ్లి ఇంజన్ గుర్రం లెక్క నడుస్తాంది బిడ్డా. నీ కాలు మంచిది."

నేను గోళ్లు కొరుక్కున్నాను. ఊరంతా పంటలు బాగుండాలని మొక్కుతుంటే సొంత ఇంజన్ చెడిపోవాలని మొక్కిన కూతురు మా జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. గడువుకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఆ సాయంత్రం ఇనుప పెట్టెలో ఇంజన్‌తో పాటు కంపెనీవాడిచ్చిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఎవరూ విప్పిన పాపాన పోలేదు. అందులో ఒక ముక్క కనిపించింది. డీజిల్ ట్యాంకు మూతకు గాలి పోయేందుకు సూది మొనంత రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే ఇంజన్ మొదలవుతుంది, కాసేపు నడుస్తుంది, ఆగిపోతుంది. మూత తీసి చూస్తే లోపల గాలి సర్దుకుని మళ్లీ నడుస్తుంది. మళ్లీ ఆగిపోతుంది.

ఇంత అందమైన రోగం ఇంకోటుంటుందా చెప్పండి. పరీక్షించడానికి మూత తీస్తే తగ్గిపోయే రోగం. శాస్త్రజ్ఞుడికైనా చెమటలు పట్టాల్సిందే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మీరు అడగవచ్చు. నేనూ అడుక్కుని ఉండాల్సింది.

మరునాడు పొద్దున బాపు మడి ఒడ్డు చూడడానికి అటు పోగానే నేను ఇంజన్ దగ్గరికి పోయాను. మూయడానికి జిగురుది ఏదైనా కావాలి. చేతిలో ఏమీ లేదు. నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి, రంధ్రం మీద అంటించి, బొటనవేలితో నొక్కి, పైన కాస్త గ్రీజు పూశాను. ఆ వస్తువు గురించి అంతకంటే ఆలోచించలేదు. ఆలోచన మీద పరిశోధన చేసేవాళ్లకు మిగతా విషయాలు ఆలోచించే తీరిక ఉండదు.

యాకన్న అరగంటలో కనుక్కుంటాడు, నేను మధ్యాహ్నం బస్సుకు పోతాను అనుకున్నాను.

పావుగంట నడిచి ఇంజన్ ఆగింది. బాపు మూత తీశాడు, నిండా డీజిల్ ఉంది. మూత పెట్టి హ్యాండిల్ తిప్పాడు, నడిచింది. పావుగంటకు ఆగింది. మూడోసారి ఆగేసరికి బాపు ముఖం చూడలేక మడి వైపు తిరిగాను. వరి పొట్ట మీదుంది. మడిలో నీళ్లు ఇంకి అప్పటికే నెర్రెలు కనబడుతున్నాయి.

"యాకయ్యకు కబురు వెట్టుండ్రి," అన్నాడు బాపు.

యాకన్న సైకిల్ మీద పానాల సంచితో వచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా మా బాపు అతనికి పటేలు, నేను పటేలు బిడ్డను కనుక అక్కా అంటాడు. నేను టేప్‌రికార్డర్ బయటికి తీసి పద్ధతంతా వివరించాను.

"మనసుల ఏదొస్తే అది పైకి చెప్పాలె యాకన్నా. ఏం దాచొద్దు."

"మనసులకు వచ్చిందంత చెప్తే మా ఇంటిది నాకు అన్నం వెడ్తదా అక్కా?"

"ఇంట్ల కాదు. ఇక్కడ. ఇంజన్ బాగు చేసేటప్పుడు."

"గట్లనే." బట్టతో చేతులు తుడుచుకుని ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. టేప్‌రికార్డర్ మీట నొక్కాను. అతను ఏమీ మాట్లాడలేదు.

"ఇప్పుడు ఏం అనుకుంటున్నవ్?"

"పటేలు చాయ్ తాపుతడా, తాపడా అనుకుంటున్న."

బాపు భుజం మీద తువ్వాల సర్దుకున్నాడు.

"ఇంజన్ గురించి చెప్పు యాకన్నా."

"ఏదొస్తే అదే చెప్పుమంటివి గదక్కా. ఇంజన్ ఇంక మనసులకు రాలే."

చాయ్ వచ్చింది. ఆ తర్వాత ఇంజన్ కూడా మనసులోకి వచ్చింది. "డీజిల్ల నీళ్లు గలిసినయా? కలిస్తే చప్పుడు వేరే ఉంటది. కలవలే. ఫిల్టర్ల చెత్తున్నదా, సూద్దాం. చెత్త లేదు. నాజిలా? కిందటిసారే అన్న, నాజిల్ మార్చుదామని. పటేలు పాతదే నడుస్తదన్నడు. పీనాసోడు…"

"ఎవల్రా పీనాసోడు?" అన్నాడు బాపు.

"నేను గాదు పటేలా, మనసంటాంది. అననియ్యాలె అన్నది అక్క."

"మనసును జర ఇంజన్ మీద పెట్టుమను."

నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. ఊహ, పరీక్ష, కొట్టివేత. ఒకదాని తర్వాత ఒకటి టేపులో పడుతున్నాయి. అయితే ఒక చిన్న చిక్కుంది. ప్రతి పరీక్షకూ ఒక భాగం ఊడి గోనెసంచి మీదికి వస్తోంది. గంటన్నర గడిచేసరికి సంచి మీద ఉన్న ఇంజన్, దిమ్మె మీద ఉన్న ఇంజన్ కంటే పెద్దదిగా కనిపించింది. ఏం బిగించి తిప్పినా పావుగంట నడుస్తుంది, ఆగుతుంది. మొదటి క్యాసెట్ అయిపోయింది. రెండోది పెట్టాను. ఇంకోటి లేదు.

మా అవ్వ గంపలో సద్ది పట్టుకుని బావి దగ్గరికి వచ్చింది. ఇంజన్ వైపు చూడలేదు, వరి వైపు చూడలేదు, నేరుగా నన్ను చూసింది.

"ఏందే పొల్లా, బోడి నొసలేసుకొని తిరుగుతున్నవ్? బొట్టేదే?"

"పడిపోయిందవ్వా."

"నొసలు మీది బొట్టు గూడ నిలుపుకోనిదానివి, పట్నంల ఏం సదువుతున్నవే?"

"అవ్వా, టేపు నడుస్తాంది, జర ఊకో."

"నడువనీ. అది గూడ ఇననీ."

రెండో క్యాసెట్‌లో అవ్వ మాట ఇప్పటికీ స్పష్టంగా ఉంది. మా గైడుగారు దాని పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం వేశారు.

రెండు దాటింది. ఎండ నెత్తి మీద కూర్చుంది. మడిలో నెర్రెలు నాకు ఒక్కోటి బావి అంత కనిపిస్తున్నాయి. బాపు ఒడ్డు మీద గొంతుక్కూర్చుని ఒక వరి కంకి తెంపి, పొట్ట చీల్చి చూశాడు. "రేపు పొద్దటికి నీళ్లు వారకపోతే ఇది తాలే," అన్నాడు, ఎవరితోనో కాదు, ఆ కంకితోనే. తర్వాత లేచి ధోతి దులుపుకున్నాడు. "మూడు గంటల బస్సుకు మానుకోట పోత. కొత్త డీజిల్ పంపు పట్టుకొస్త."

లేని రోగానికి కొత్త పంపు. తెచ్చి బిగించినా పావుగంటే నడుస్తుంది. అప్పటికి వరి పోతుంది. చెబుదామా? చెబితే నేనే ఇంజన్ ఆపానని బాపుకు తెలుస్తుంది, పుస్తకాలు అటకెక్కుతాయి. చెప్పకపోతే పంట పోతుంది. పుట్టిన దగ్గర్నుంచి మూత లేని నోరు నాది. ఆ ఒక్కరోజు దానికి ఎవరో బొట్టుబిళ్ళ అంటించినట్టు మూసుకుపోయింది.

యాకన్న గొణుగుతూనే ఉన్నాడు. "నాజిల్ మార్చినా పావుగంటే. ఫిల్టర్ కడిగినా పావుగంటే. ఏం జెయ్యకున్న పావుగంటే. అంటే నేను జేసే పనికి, గది నడిచేదానికి సంబంధం లేదు. మరి ప్రతిసారి నేను జేసేదేంది? డీజిల్ ఉన్నదా లేదా అని మూత దీసి సూసుడు…"

నేను ఊపిరి బిగబట్టాను. వస్తోంది. శాస్త్రం పుట్టే క్షణం వస్తోంది. టేప్‌రికార్డర్‌ను అతని గడ్డం దగ్గరికి జరిపాను.

యాకన్న మూత చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు దాని మీద రాశాడు. వేలు ఆగింది. గోటితో గ్రీజు గీకాడు. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. నా ముఖం కాదు, నా నుదురు. తర్వాత బాపును చూశాడు. తర్వాత ఆకాశం చూశాడు.

ఏమీ అనలేదు.

"మాట్లాడు యాకన్నా, ఆపకు. ఏం అనుకుంటున్నవ్?"

"ఏం అనుకుంటలేనక్కా."

"ఏమీ అనుకోకుండ ఎవరూ ఉండరు. బుర్ర ఆగదు."

"నాది ఆగింది."

"చేతిల ఏముంది? దాన్ని చూడంగనే ఏం తట్టింది?"

అతను పిడికిలి మూసి జేబులో పెట్టుకున్నాడు. "పటేలా, మానుకోట పోకు. దొరికింది. మూత బెజ్జంల మట్టి అడ్డం వడ్డది. గాలి గుంజుకుంటలేదు. అంతే."

ఊడదీసినవన్నీ బిగించి హ్యాండిల్ తిప్పాడు. పావుగంట దాటింది, అరగంట దాటింది, ఇంజన్ ఆగలేదు. నీళ్లు కాలువలో పరుగెత్తాయి. బాపు చెప్పులు విడిచి మడిలోకి దిగి నిలబడ్డాడు. తల్లి కడుపు చల్లగా పంట దక్కింది, రహస్యం దక్కింది, బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అక్కడ యాకన్నకు దండం పెట్టి నోరు మూసుకుని ఇంటికి పోతారు.

నేను టేపు గురించి ఆలోచించాను. రెండు క్యాసెట్ల నిండా పీనాసితనం, బోడి నొసలు, చాయ్ ఉన్నాయి. కావలసిన ఒక్క క్షణం లేదు. నా థీసిస్ మట్టి పాలయింది, అదీ లేని మట్టి.

"యాకన్నా, ఎట్ల కనుక్కున్నవో చెప్పు. ముందు ఏం చూసినవ్?"

"మట్టి సూసిన."

"మట్టి అని ఎట్ల అనుకున్నవ్?"

"మట్టి మట్టి లెక్కనే ఉన్నది గదక్కా."

"అంత గుండ్రంగనా? సరిగ్గ సూడు. అది మట్టి కాదు."

బాపు మడిలో నుంచి తిరిగి చూశాడు. "మట్టి కాదని నీకెట్ల ఎరుక బిడ్డా?"

ఇంజన్ అంత చప్పుడు చేస్తున్నా నాకు ఏమీ వినిపించలేదు. వాదానికి నేను జవాబు వెతుక్కోవడం ఈ జన్మలో అదే మొదటిసారి. నా తరఫున యాకన్న అందుకున్నాడు.

"అక్క సదువుకున్నది గద పటేలా. సదువుకున్నోళ్లు మట్టిని మట్టి అనరు. ఏదో వేరే పేరుంటది."

బాపు నన్ను కాసేపు చూశాడు. "ఉంటది, ఉంటది," అని మళ్లీ నీళ్ల వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే క్యాసెట్ అయిపోయి టక్కున ఆగింది.

యాకన్న పోతూ సైకిల్ దగ్గర అగ్గిపెట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే అందులో గ్రీజు అంటిన మెరూన్ రంగు మఖ్మల్ బిళ్ళ. "నీదే గదక్కా. ఊర్ల ఆడోళ్లందరిది కుంకుమ. బిళ్ళ వెట్టేది నువ్వొక్కదానివే."

సిగ్గుతో చచ్చిపోవాల్సింది. వాదించాను. "మరి అప్పుడే ఎందుకు చెప్పలే? మనసుల ఏదొస్తే అది చెప్పాలని అనుకున్నం గద."

"పటేలు పక్కనే ఉన్నడు. చెప్తే నీ సదువు బందయితది." సైకిల్ ఎక్కుతూ అన్నాడు. "మనసులకు వచ్చిందంత చెప్పుమంటివి. నిజమే. కాని చెప్పాల్నా వద్దా అని గూడ మనసే అంటది గదక్కా. గది నీ పుస్తకంల లేదా?"

లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. ఆ మాటను రికార్డు చేయడానికి టేపు కూడా లేదు.

హైదరాబాదులో గైడుగారు క్యాసెట్ విన్నారు. మూత దగ్గరికి వచ్చేసరికి నిశ్శబ్దం. దూరంగా పిట్ట కూత, నా ఊపిరి, తర్వాత "ఏం అనుకుంటలేనక్కా."

"ఇక్కడేం జరిగింది?" అన్నారు.

అబద్ధం తయారుగానే ఉంది, బస్సులో నాలుగు గంటలు వల్లించాను. కానీ యాకన్న నిశ్శబ్దం ముందు నా అబద్ధం మరీ పీలగా కనిపించింది. బొట్టుబిళ్ళతో సహా అంతా చెప్పేశాను. గైడుగారు నవ్వలేదు. టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నారు. మూడోసారి విన్నారు.

"ఇదే రాయి. ఈ నిశ్శబ్దం గురించే రాయి. బుర్రలో కొత్త సంగతి తట్టిన చోటే మనిషి నోరు మూసుకున్నాడు. మన పద్ధతికి అక్కడ చెవుల్లేవు." ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "మీవాళ్లు గట్టిగా ఆలోచిస్తారన్నాను కదూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

థీసిస్ గడువులోనే ఇచ్చాను. అట్ట వేయించిన పుస్తకం పట్టుకుని ఊరికి పోయాను. బాపుకు ఇంగ్లీషు రాదు. అయినా తువ్వాలతో చేతులు తుడుచుకుని పుస్తకం తీసుకుని, ఒక్కో పేజీ తిప్పి చూశాడు.

"ఇందుల మన ఇంజన్ ఉన్నదా?"

"ఉంది బాపు."

"యాకడు?"

"ఉన్నడు."

"మట్టి అని రాసినవా, నిజం రాసినవా?"

అవ్వ తమలపాకు నమలడం ఆపింది. నేను నేల చూశాను. బాపు లేచి లోపలికి పోయి, చిన్న కుంకుమ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బిళ్ళలు బందు వెట్టు బిడ్డా. ఇగ నుంచి గిది పెట్టుకో. ఇది ఇంజన్‌కు అంటదు."

అంటే లెక్క ఇది. మెకానిక్ కనుక్కున్నాడు. అవ్వ సగం కనుక్కుంది. బాపు మడిలో నిలబడి, నా నోటి మాట ఒక్కటి విని కనుక్కున్నాడు, తెలిసీ నన్ను బస్సెక్కించాడు. మనుషులు ఎలా కనుక్కుంటారో కనుక్కోవడానికి పోయిన పరిశోధకురాలు ఒక్కతే ఏమీ కనుక్కోలేదు.

ఆనాడు ఆ కుంకుమ పెట్టుకుని, ఇంజన్ సాక్షిగా ప్రమాణం చేశాను. బాగున్నదాన్ని శాస్త్రం కోసం చెడగొట్టను. ఎదుటివాడు దయతో మట్టి అంటే నేనూ మట్టే అంటాను, ఎంత గుండ్రంగా ఉన్నా సరే. పాతికేళ్లుగా ఆ మాట మీదే ఉన్నాను.

అయితే ఒక్కటి. అది మట్టి మాత్రం కాదు.